అడిగి ఎక్కిన కొండలు

ఆ చింతమొద్దు కొంచెం ఇటు జరపరా బాబూ. అదీ. మంట పైకి ఎగరక్కర్లేదు, మొద్దు అంటుకుంటే చాలు, తెల్లారేదాకా అదే కాస్తాది. ఎండుపుల్లలన్నీ ఇప్పుడే వేసీకండి. అనంతగిరిలో అసలు చలి అర్ధరాత్రి దాటాక దిగుతాది, అప్పటికి చేతికింద పుల్లలుండాలి. అందరూ దగ్గరికి రండి. అమ్మడూ, నువ్వడిగావు కదా, టెంట్లూ స్లీపింగు బ్యాగులూ లేని రోజుల్లో ఈ కొండల్లో ఎలా పడుకునీవారు తాతా అని. చెప్తాను. కానీ పడుకోవడం కంటే ముందు నడవడం ఉంది. ఆ నడక నాకు ఇక్కడ మొదలవలేదు, మన ఊరు విశాఖపట్నంలోనే మొదలైంది.

మా అమ్మ నన్ను చిన్నప్పుడే సింహాచలం గిరి ప్రదక్షిణకు తీసుకెళ్ళింది. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, చెప్పుల్లేని కాళ్ళతో. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అడివివరం, హనుమంతవాక మీదుగా సముద్రం ఒడ్డుకి రావాలి. అక్కడ స్నానం చేసి తడిబట్టలతోనే వెంకోజీపాలెం, కంచరపాలెం, మాధవధార, గోపాలపట్నం చుట్టి మళ్ళీ కొండ కిందికి చేరాలి. సన్నగా వాన పడుతుంటాది. ఇప్పుడు లక్షల మంది నడుస్తున్నారు, దారి పొడుగునా లైట్లు, మజ్జిగ, పులిహోర. అప్పుడు అడివివరం దాటితే చీకటి. కంబాలకొండ వైపు నుంచి నక్కలు కూసీవి. భయమేస్తే అమ్మ చెయ్యి పట్టుకునీవాణ్ణి.

అమ్మకి ఒక అలవాటుంది. మామూలు రోజుల్లో మాధవధార మెట్ల దారిన కొండ దాటి అప్పన్న గుడికి వెళ్ళినా సరే, మొదటి మెట్టుమీద కాలు పెట్టీముందు వొంగి ఆ రాయిని ముట్టుకునీది. "స్వామీ, నీ కొండ ఎక్కుతున్నాం" అనీది. చదువుకున్నది కాదు మా అమ్మ. ఊటనీళ్ళు తాగీముందూ అంతే, మారేడాకు కోసీముందూ అంతే. ఎందుకమ్మా అంటే, "మనది కాంది ముట్టుకుంటే అడగాలి కదరా" అనీది. ఆ మాట నేను తరవాత చాలా చోట్ల విన్నాను, చదువుకున్నవాళ్ళ నోట కూడా విన్నాను. మొదట విన్నది మాత్రం మాధవధార మెట్ల దగ్గర.

తరవాత పోర్టులో పని దొరికింది. ఖనిజం దించే చోట. మన పోర్టు 1933లో తెరిచిందే మాంగనీసు ఖనిజం పంపడానికి అనుకోండి. యారాడ కొండ, అదే డాల్ఫిన్స్ నోసు, దక్షిణాన గోడకట్టినట్టు నిలబడబట్టే ఆ రేవుకి తుఫాను గాలి తగలకుండా ఉంటాది. ఆ కొండ కింద పాత ఓడల్ని రెండింటిని, జానస్, వెల్లెడ్సన్ అనీవాటిని, కావాలనే ముంచి అలలకు అడ్డం కట్టారు. మా పెద్ద మేస్త్రీలు ఆ కథ చెప్తుంటే నోరు తెరుచుకుని వినీవాళ్ళం.

మేం చేరీసరికి మాంగనీసుకంటే ఇనుప ఖనిజం జోరు. జపానుతో ఒప్పందం కుదిరాక బైలదిల్లా కొండల నుంచి ఖనిజం తేవడానికి 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూలు దాకా రైలు దారి వేశారు. 1976లో ఔటర్ హార్బరు వచ్చింది, పెద్ద ఖనిజం ఓడలు పట్టీటట్టు. షిఫ్టు దిగి ఇంటికెళ్తే మీ నాయనమ్మ గుమ్మంలోనే ఆపీది, చొక్కా మీద ఎర్రదుమ్ము దులుపుకోమని. ఆ దుమ్ము చూసినప్పుడల్లా నాకొకటే ఆలోచన. ఇది ఏ కొండది? అక్కడెవరుంటారు? వ్యాగన్ల మీద వ్యాగన్లు దిగుతున్నాయి కదా, పైన ఏటి మిగులుతున్నాది?

మా గ్యాంగులో నాలాగే ఆలోచించీవాళ్ళు ఇంకొందరున్నారు. పాసింజరు బండెక్కి కొండల్లోకి పోదామనుకున్నాం. ఇంట్లో గోల. మన్యం వెళ్ళినవాడు చలిజ్వరంతో తిరిగొస్తాడనీవారు. అబద్ధం కూడా కాదది. అప్పట్లో ఏజెన్సీలో మలేరియా అలాగే ఉండీది. క్లోరోక్విను మాత్రలు కట్టుకుని, వానలు వెనకబడ్డాక, కార్తీకంలో బయల్దేరీవాళ్ళం. పాత సామాన్ల బజారులో కొన్న టార్పాలిను ముక్క, గోనెసంచులు, దుప్పటి, ఒక హరికేన్ లాంతరు. అటుకులు, బెల్లం, ఉప్పు. ఇంకో మూటలో ఎండు నెత్తళ్ళు. ఆ మూట ఎవరికో తరవాత చెప్తాను.

ఆ రైలు దారి మీరు పొద్దున చూశారు. 58 సొరంగాలు. శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం దాకా మైదానం. అక్కడి నుంచి ఎక్కడమే ఎక్కడం. టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజి మీద దేశంలో అంత ఎత్తు స్టేషను అప్పటికి ఇంకోటి లేదు. అప్పుడు డీజిలు ఇంజన్లు. సొరంగంలో పొగ పెట్టెల్లోకి వచ్చీది. గుంటలు చీకట్లో కేకలేసీవారు, ఇప్పుడు మీరు వేసినట్టే. ఎదురుగా ఖనిజం బండి వస్తుంటే మా బండిని స్టేషన్లో పక్కన నిలబెట్టీవారు. ఆ ఎర్ర వ్యాగన్లు ఒక్కొక్కటీ కదిలిపోతుంటే రేపెల్లుండి వీటినే మనం దించాలి అనుకునీవాళ్ళం. ఆ కొండలు తొలిచి పట్టాలు వేసిన కూలీలను తలుచుకోకుండా నేనీ దారిలో ఎప్పుడూ వెళ్ళలేదు.

సరే. ఇప్పుడు పడుకోవడం సంగతి.

మొదటిసారి రైలు దిగి, కాలిదారి పట్టుకుని, మధ్యాహ్నం దాటాక ఒక గెడ్డ దగ్గరికి చేరాం. నీళ్ళు మడమల్లోతు. పక్కనే ఇసక, పరుపు వేసినంత మెత్తగా ఉంది. సామాను ఇంకా దించలేదు, అవతలి గట్టు మీద ఒక పెద్దాయన కనపడ్డాడు. భుజాన గొడ్డలి, నడుముకి చిన్న గోచీ, నోట్లో అడ్డపొగ. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగుతారు చూడండి, అలాగ. మమ్మల్ని కింద నుంచి పైదాకా చూశాడు.

"ఎవరి ఊరికొచ్చారు?" అన్నాడు.

"మీ ఊరికే తాతా. ఈ రాత్రికి ఇక్కడ పడుకోవచ్చా?" అన్నాను. అడగాలని ఎవరూ చెప్పలేదు నాకు. అమ్మ మాట నాలుక మీద ఉండిపోయింది, అంతే.

ఆయన మొహం మెత్తబడింది. "పడుకోవచ్చు. నేను చూపించిన చోట" అని వెనక్కి తిరిగి నడిచాడు. మేం వెంటపడ్డాం. ఎక్కడికనుకున్నారు? గట్టు మీదికి, వలిసె చేను అంచుకి. పచ్చటి పూలు చేను నిండా. అడవిపందుల కాపలాకి కట్టిన మంచె ఒకటుంది. దాని కింద టార్పాలిను కట్టించాడు. గాలి ఎటు నుంచి వస్తాదో చూసి, ఆకులూ గడ్డీ చుట్టూరా గీకి, మట్టి కనపడ్డాక అప్పుడు నెగడు వేయించాడు. వెదురుపొదకి దూరంగా వేయమన్నాడు. వెదురు అంటుకుంటే కణుపులు తుపాకీ పేలినట్టు పేలతాయి, నిప్పులు ఎగిరి చేలో పడతాయి.

ఆ రాత్రి మాకు చుక్క వాన పడలేదు. నక్షత్రాలు కనిపిస్తున్నాయి. పైన గాలికొండ వైపు మాత్రం మెరుపులు. నడిరేయి దాటాక కింద నుంచి చప్పుడు. మొదట రైలేమో అనుకున్నాం. రైలు కాదు. లాంతరు పట్టుకుని గట్టు అంచుకి వెళ్ళి చూస్తే, సాయంత్రం మేం చూసిన ఇసక లేదు. ఎర్రనీళ్ళు మానుల్ని దొర్లించుకుంటూ పోతున్నాయి. కొండల్లో అంతే నాన్నా. పైన వాన కురిస్తే కింద ఆకాశం తేటగా ఉన్నప్పుడే గెడ్డ పొంగుతాది. ఆ సంగతి ఆకాశాన్ని చూస్తే తెలీదు, ఆ గెడ్డ పక్కన పుట్టినవాడికి తెలుస్తాది. అందుకే చెప్తున్నాను, ఎంత మంచి టెంటు కొనుక్కున్నా, ఎక్కడ వేయాలో ఊళ్ళో పెద్దని అడగండి. ఫోనులో పటం ఆ రాత్రి గెడ్డ సంగతి చెప్పదు.

పొద్దున్న ఆయన ఇంటికి వెళ్ళాం. అప్పుడు విప్పాను ఎండు నెత్తళ్ళ మూట. ఇంటావిడ మొహం చూడాలి! కొండల్లో ఉప్పూ ఎండుచేపా అంటే ఎంత ఇష్టమో మా పోర్టులో ఒక ముసలాయన ముందే చెప్పాడు. పూర్వం సంతల్లో పిడికెడు ఉప్పుకి బుట్టెడు చింతపండు కొలిపించుకున్న వ్యాపారులున్నారు. అప్పుకింద పంటంతా జమకట్టుకున్నవాళ్ళున్నారు. ఆ దోపిడీ ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు, దాని హెడ్డాఫీసు మన విశాఖపట్నంలోనే. మీరింట్లో తినే తేనె సీసా మీద ఆ పేరే ఉంటాది. మేం ఆ మూటకి ఏమీ బదులు అడగలేదు. అయినా ఆవిడ ఊరుకోలేదు. చోడి అంబలి పోసింది, సామల అన్నం వండింది, వెదురుకొమ్ముల కూర పెట్టింది. అడ్డాకుల్లో తిన్నాం. ఆ ఆకుల్ని వెదురు పుల్లలతో ఎంత నున్నగా కుట్టీవారో! మన పెళ్ళిళ్ళకి కట్టలు కట్టలు కొండ దిగొచ్చీవి ఆ విస్తర్లే.

ఆ ఇంటికి అలా చాలా ఏళ్ళు వెళ్ళాను. ఆయన నాకు నేర్పినవి ఏ బడిలోనూ నేర్పరు. దారి చీలిన చోట పచ్చికొమ్మ విరిచి అడ్డం పడుంటే అటు పోవద్దని గుర్తు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఇప్పచెట్టు కింద పడుకోకూడదు, తెల్లవారుజామున పువ్వుకి ఎలుగుబంటి వస్తాది. దానికి చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. దగ్గరికొచ్చీదాకా మనిషిని గుర్తుపట్టదు, గుర్తుపట్టాక బెదిరి మీదపడుతాది. అందుకే ఆ రోజుల్లో ఆడవాళ్ళు పువ్వు ఏరడానికి గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తారు. నడిచీటప్పుడు ముందువాడి మడమలు చూడు, ఎక్కీటప్పుడు మాట్లాడకు, దిగీటప్పుడు మోకాలు వంచు. కొండ మీద ఊపిరి తీసుకోడం కూడా ఆయనే నేర్పాడు నాకు.

చైత్రంలో ఇటుకల పండగ. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకి పోతే ఆడవాళ్ళు దారికడ్డం నిలబడి చందాలు అడిగీవారు. రాత్రి థింసా. ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా, డప్పూ సన్నాయీ మోగుతుంటే. ఇప్పుడు రిసార్టుల్లో టూరిస్టుల కోసం ఆడిస్తున్నారు కదా, అందులోనూ ఆ పిల్లల ఒడుపు ఎక్కడికీ పోలేదు. కానీ వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ పండగకి, వాళ్ళకోసం ఆడుకున్నప్పుడు చూడాలి. పిలిస్తేనే వెళ్ళాలి దానికి. మమ్మల్ని పిలిచారు.

ఇంక బొర్రా. రేపు మిమ్మల్ని తీసుకెళ్తాను. ఇప్పుడు రంగురంగుల లైట్లు, మెట్లు, కటకటాలు ఉన్నాయి. మేం మొదట వెళ్ళినప్పుడు కాగడాల వెలుగులో వెళ్ళాం. ఊళ్ళోవాళ్ళు ముందు నడిచీవారు. సున్నపురాతిని నీళ్ళు ఎన్ని వేల ఏళ్ళు కరిగిస్తే అంత కడుపు ఏర్పడిందో! పైనుంచి రాతి ఊడలు దిగుతుంటాయి, కింద నుంచి మొలకలు లేస్తుంటాయి. పైన బొట్టు, కింద బొట్టు, మధ్యలో ఎన్నో తరాలు. ఆ గుహ నెత్తిమీదుగానే రైలు పట్టా పోతాది. లోపల నిలబడి ఉండగా ఖనిజం బండి వెళ్ళింది ఒకసారి. చప్పుడు వినపడలేదు, కాళ్ళకి తెలిసింది. నాతో ఉన్నవాళ్ళందరం పోర్టు మనుషులం. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. మా జీతాలు ఆ బండిమీద పోతున్నాయి. మా కాళ్ళకింద గోస్తనీ పారుతున్నాది.

ఎప్పుడో మేతకి వెళ్ళిన ఆవు పైకప్పు కన్నంలోంచి లోపల పడిందట. కాపరి వెతుక్కుంటూ దిగి, ఆవునీ శివలింగాన్నీ చూశాడట. ఇక్కడివాళ్ళు చెప్పుకునే కథ ఇది. శివరాత్రికి చుట్టుపక్కల గూడేలన్నీ ఇక్కడికే వస్తాయి. మనం టిక్కెట్టు కొని చూసే చోటు వాళ్ళ గుడి అని గుర్తుపెట్టుకోండి. లోపల అరవకండి, రాళ్ళ మీద పేర్లు చెక్కకండి. చెక్కినవి చూస్తే నాకు కడుపు రగిలిపోతాది.

గోస్తనీ అన్నాను కదా. ఒక చలికాలం ఆ నది వెంబడి నడిచాం. ఈ కొండల్లో పుట్టి, బొర్రా గుహలోంచి దూరి, మైదానంలోకి దిగి తాటిపూడి జలాశయంలో ఆగుతాది. అక్కడి నుంచి పద్మనాభం వైపుగా సాగి భీమిలిలో సముద్రంలో కలుస్తాది. తాటిపూడి నీళ్ళు మన ఊరికి పైపుల్లో వస్తున్నాయి. కొళాయి తిప్పితే వచ్చీ నీళ్ళు ఈ చెట్ల వేళ్ళ దగ్గర దాచుకున్న వానే. ఇటు శారదా నది కూడా ఈ అనంతగిరి కొండల్లోనే పుట్టి అనకాపల్లి వైపు పోతాది. నడిచి చూస్తేనే తెలుస్తాది, కొండ మీద అడవి పలచబడిన చోట గెడ్డ మాఘమాసానికే ఎండిపోతాది. అడవి దట్టంగా ఉన్న చోట వైశాఖంలోనూ నీళ్ళుంటాయి. ఈ సంగతి ఇంజనీర్లు లెక్కలు కట్టి చెప్తారు. మేం దాహంతో తెలుసుకున్నాం.

ఇంకోసారి చింతపల్లి వైపు వెళ్ళాం. నర్సీపట్నం దాటి లంబసింగి ఘాటు ఎక్కి. లంబసింగి ఇప్పుడు మీ అందరికీ తెలుసు, డిసెంబరు జనవరుల్లో సున్నా డిగ్రీల దగ్గరకి దిగుతాదని కార్లు బారులు తీరుతున్నాయి. అప్పుడక్కడ నాలుగు పాకలు, మంచు. నాకు మాత్రం ఆ దారి చలి కోసం కాదు, అల్లూరి సీతారామరాజు కోసం. తెల్లవాళ్ళు 1882 అడవి చట్టంతో పోడు కొట్టనివ్వలేదు. చెట్టు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో సామలూ చోళ్ళూ కందులూ చల్లుకోవడం వాళ్ళ తాతల నాటి సేద్యం. దాన్ని నేరం చేశారు. పైగా నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి వాళ్ళ చేతే చాకిరీ చేయించి కూలి ఎగ్గొట్టారు. మనం ఇవాళ కార్లో జారుకుంటూ వెళ్ళే ఆ ఘాటు రోడ్డు కింద వాళ్ళ చెమట ఉంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాల తుపాకులు పట్టుకుపోయారు. మిరపకాయ టపా కట్టి ముందే కబురు చేసి మరీ వచ్చీవాడంట రాజు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో ఇద్దరు తెల్ల అధికారులు పడిపోయారు. సర్కారు మలబారు పోలీసుల్ని దించింది, అస్సాం రైఫిల్సుని దించింది. రెండేళ్ళు పట్టింది వాళ్ళకి. ఎందుకంటే కొండదారులు కొండవాళ్ళవి. ఏ గూడెంలో అన్నం దొరుకుతాదో, ఏ గెడ్డ ఎప్పుడు దాటొచ్చో రాజు మనుషులకి తెలుసు, సైన్యానికి తెలీదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని చంపేశారు. కృష్ణదేవిపేటలో సమాధి ఉంది. అక్కడ మేం ఒక రాత్రి గడిపాం. ఏమీ మాట్లాడుకోలేదు. ఇప్పుడు 2022లో కొత్త జిల్లాకి ఆయన పేరే పెట్టారు. మనం కూర్చున్న ఈ అనంతగిరి కూడా ఆ జిల్లాలోకే వచ్చింది, పాడేరు ముఖ్యపట్నంగా.

మీ చిన్నతాత స్టీలుప్లాంటులో చేశాడు, తెలుసు కదా. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ఊరంతా కదిలిన రోజుల్లో మేం కుర్రాళ్ళం. నవంబరు 1న మన ఊళ్ళో కాల్పులు జరిగాయి. ఆ పోరాటంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. చుట్టుపక్కల ఊళ్ళు ఊళ్ళే భూములిచ్చి ఖాళీ చేశాయి. ఆ ప్లాంటుకి సొంత గని లేదు. ఖనిజం ఇదే దారిన, ఈ సొరంగాల్లోంచే, బైలదిల్లా నుంచి కొనుక్కుని తెచ్చుకోవాల్సిందే. మీ చిన్నతాతా నేనూ ఎప్పుడు కలిసినా ఇదే మాట. నేను ఓడల్లోకి ఎత్తినదీ, వాడు కొలిమిలో కరిగించిందీ ఒకే కొండల రాయి. ఆ రాయి మన ఊరికి అన్నం పెట్టింది. కాదనను. మీ అమ్మ చదువూ అందులోదే. కానీ ఆ కొండల్లో వాళ్ళని ఎవరైనా అడిగారా?

అడగాలని చెప్పిన తీర్పు ఒకటి వచ్చింది. అది మరెక్కడిదో కాదు, ఈ బొర్రా చుట్టుపక్కల ఊళ్ళదే. ఇక్కడి రాయి తవ్వుకోడానికి ప్రైవేటు కంపెనీలకి లీజులిచ్చారు. ఏజెన్సీ భూమి గిరిజనులు కానివాళ్ళ చేతికి పోకూడదని 1970 నాటి చట్టం ఉంది, వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. సమత అనే సంస్థ ఈ ఊళ్ళవాళ్ళ తరఫున సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997 జూలైలో తీర్పు వచ్చింది. సర్కారుకైనా సరే, ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకి గని లీజుకివ్వడానికి వీల్లేదని చెప్పింది కోర్టు. సమత తీర్పు అని దేశమంతా లా చదివీవాళ్ళు చదువుకుంటారు దీన్ని. ఆ కబురు పేపర్లో చూసిన రోజు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పెద్ద కోర్టువాళ్ళు ఎన్ని పేజీలు రాశారో నేను చదవలేదు గానీ, మనది కాంది ముట్టుకుంటే అడగాలనే కదా ఆ మాట.

రూలు ఉన్నంత మాత్రాన సరిపోదు. అది నిలబడాలంటే కాసుకుని ఉండాలి. ఇప్పటికీ ఏదో ఒక కొండ మీద ఏదో ఒక గని కబురు వినపడుతూనే ఉంటాది.

మధ్యలో మంచి కూడా జరిగింది, చెప్పకపోతే తప్పు. కాఫీ. సిల్వరోక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకి పాకించిన మిరియం. అడవి పూర్తిగా నరక్కుండా బతికే దారి అది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరితోపాటు ఈ కొండల్నీ పీకేసింది. సిల్వరోకులు వరసలు వరసలుగా పడిపోయి, కాఫీమొక్కలు ఎండకి నిలబడ్డాయి. నేను ఆ తరవాత వచ్చి చూసి ఏడ్చాను. ఇక్కడివాళ్ళు ఏడవలేదు, మళ్ళీ నాటారు. మీరు పొద్దున ఫొటోలు తీసుకున్న చెట్లలో చాలావరకు ఆ తరవాత ఎదిగినవే.

ఇప్పుడు కుర్రాళ్ళు చాలామంది వస్తున్నారు. వంజంగి మబ్బులు చూడ్డానికి, మాడగడ సూర్యోదయానికి. రావాలి. పోర్టు దుమ్ములో, ఫ్యాక్టరీల పొగలో పెరిగే పిల్లలకి ఈ గాలి తగలాలి, నేను వద్దనను. అర్మకొండ 1,680 మీటర్లు, మన డాల్ఫిన్స్ నోసు 357. అంత ఎత్తు ఎక్కితే ఊపిరితిత్తులకే కాదు, మనసుకీ చోటు దొరుకుతాది. కానీ ఆ వంజంగి కింద చిప్సు కవర్లూ సీసాలూ చూశాను. రాత్రంతా స్పీకర్లు పెట్టి ఊగడం విన్నాను. పక్కనే గూడెంలో పసిపిల్లల్ని పడుకోబెట్టుకునే తల్లులుంటారు. పొద్దున్నే పొలానికి పోవాల్సినవాళ్ళుంటారు. వాళ్ళ ఇంటి వాకిట్లో మనం అరుస్తున్నట్టు కదా అది.

ఆ పెద్దాయన పోయి చాలాకాలమైంది. గెడ్డ గట్టు మీద ఆ మంచె కూడా లేదు, కాఫీ వేశారు. ఆయన మనవడున్నాడు. డిగ్రీ చదివాడు, టూరిస్టుల్ని కటికి జలపాతానికి నడిపిస్తున్నాడు. వాళ్ళ తాతలాగే ముందువాడి మడమలు చూడమంటాడు. రేపు ఆరు గంటలకి వస్తానన్నాడు. సామాను ఇప్పుడే సర్దుకోండి. తాగే నీళ్ళు ఒక్కొక్కరికీ రెండు సీసాలు, ఖాళీ సీసాలు మళ్ళీ మన సంచిలోనే. చెప్పులు కాదు, బూట్లు. కిందికి దిగీచోట రాళ్ళు పాచి పట్టి ఉంటాయి, ఆ అబ్బాయి అడుగు వేసిన రాయి మీదే అడుగు వేయాలి. స్నానానికి దిగొద్దన్న మడుగులో దిగొద్దు, ఎందుకని వాదన పెట్టుకోవద్దు. అతని కూలి ఎంతో నేను మాట్లాడేశాను, ఎవరూ బేరమాడకండి. అమ్మడూ, ఆ పచ్చ సంచిలో ఎండు నెత్తళ్ళున్నాయి, దారిలో వాళ్ళమ్మకి నువ్వే ఇవ్వాలి. ఏమని ఇస్తావో ఇప్పుడు ఒకసారి చెప్పు, వింటాను.